బొట్టు పెట్టిన గొట్టాలు

మొన్న ఆదివారం సెరంగూన్‌లో మా ఫ్లాట్ కింద కార్ పార్కులో కూరల సంచి పట్టుకుని నడుస్తూ, వెనుక ఎవరో ఉన్నట్టు అనిపించి తిరిగి చూద్దును గదా, తెల్లటి కారొకటి నా మోకాలికి జానెడు దూరంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి నా వెనుక వస్తున్నదో తెలియదు. చప్పుడు లేదు, పొగ లేదు, పెట్రోలు వాసన లేదు. లోపల కూర్చుని నవ్వుతున్నది మా అబ్బాయే. కొత్తగా కొన్న కరెంటు కారును నాకు చూపించాలని సరదాపడ్డాడట. నేను గుండె పట్టుకుంటే, "రిలాక్స్ లా నాన్నా, ఇట్స్ క్వైట్ ఓన్లీ" అని ఈ ఊరి ఇంగ్లీషులో అన్నాడు. వాడి దృష్టిలో అది మెచ్చుకోవలసిన గుణం. నా ఈడువాళ్ళు ఒప్పుకుంటారనే ధైర్యంతో రాస్తున్నాను, చప్పుడు చేయకుండా వచ్చే మనిషినీ, చప్పుడు చేయకుండా వచ్చే బండినీ నేను నమ్మను.

నమ్మకపోవడం నాకు పుట్టుకతో వచ్చిన విద్య. నేను పుట్టగానే ఏడవలేదని, మంత్రసాని వంక అనుమానంగా చూశానని మా అమ్మ వచ్చినవాళ్ళందరికీ చెప్పేది. ఆ విద్యకు జీతం ఇచ్చే రోజులు కూడా వచ్చాయి. సంవత్సరాన్ని రెండంకెలతో రాసుకున్న కంప్యూటర్లు కొత్త శతాబ్దం రాగానే ఏమైపోతాయోనని లోకమంతా బెంగపడిన కాలం అది. మన ఊళ్ళలో కాస్త కీబోర్డు ముట్టుకున్న ప్రతివాడూ విమానం ఎక్కుతున్నాడు. అలా ఎక్కి నేనూ ఈ ఊరొచ్చి సైన్స్ పార్కులో ఒక కంపెనీలో చేరాను. నా పని ప్రోగ్రాములు రాయడం కాదు, ఇతరులు రాసిన వాటిని నమ్మకపోవడం. బాగానే ఉందని ఎవరు చెప్పినా, ఏదీ చూపించు అనడం. ఆ రోజుల్లో ఉద్యోగానికి వచ్చిన దరఖాస్తుల్లో అనుభవం లేనివాడంటూ ఒక్కడూ ఉండేవాడు కాదు. ఇరవై రెండేళ్ళవాడికి కూడా ఎనిమిదేళ్ళ అనుభవం ఉండేది. అటువంటి కాలంలో మనిషిని అనుమానించడం పాపం కాదు, ఆత్మరక్షణ.

ఉండేది సెరంగూన్‌లోనే, మా పిన్నీ బాబాయిల ఫ్లాటులో, వంటింటి పక్క గదిలో. పిన్ని మా అమ్మకు స్వయానా చెల్లెలు. బాబాయి మా అందరికంటే చాలా ముందు వచ్చి ఇక్కడ ఓడల మరమ్మతు యార్డులో పని చేసి, పైకొచ్చి, అక్కడే రిటైరయిన మనిషి. ఇంట్లో తెనాలి తెలుగు మాట్లాడేవారు, గడప దాటితే అరవం, మలయ్ కలిపి కొట్టేవారు. భోజనానికి వెళ్దాం అనడానికి ఆయన నోట 'మకాన్' అనే మాటే వచ్చేది. నేను ఎంత అనుమానపు పిండమో ఆయన అంత నమ్మకస్తుడు. తడి చేతులతో ఎవరైనా వచ్చి వానలో తడిశామంటే, బయట ఎండ కాస్తున్నా తువ్వాలు తెచ్చి ఇచ్చే రకం.

ఆ బాబాయికి ఒక కారు ఉండేది. ఆస్ట్రేలియాలో తయారై, అక్కడి దొరెవరో ఇక్కడ ఉద్యోగానికి వస్తూ వెంట తెచ్చుకుని, పోతూ పోతూ ఈయనకు అంటగట్టిన పాతకాలపు పచ్చ కారు. పొడుగాటి ముక్కు, ఆ ముక్కు కింద ఎనిమిది సిలిండర్ల ఇంజన్, రెండు తలుపులు. వెనక సీట్లో కూర్చోవాలంటే ముందుగా దేవుడికి దణ్ణం పెట్టుకోవాలి. ఈ ఊళ్ళో కారుకు ఆయుష్షు సర్కారు ఇచ్చే కాగితం మీద రాసి ఉంటుందని మీకు తెలుసు. ఆ కాగితాన్ని పొడిగించుకుంటూ, పన్నులు కట్టుకుంటూ, పిన్ని దెప్పులు భరిస్తూ బాబాయి దాన్ని కాపాడుకొచ్చారు. మెట్ల కింద నుంచి ఆ కారు చప్పుడు వినబడగానే పిన్ని సణుగుతూనే పెనం పొయ్యి మీద పెట్టేది. ఆయన లిఫ్టు ఎక్కి తలుపు దగ్గరకు వచ్చేసరికి దోసె తిరగబడి ఉండేది.

ఆ సంవత్సరం ఆ చప్పుడులో కొత్తగా ఒక టిక్కుటిక్కు చేరింది. మొండి బల్లి ఒకటి బానెట్ కింద దాక్కున్నట్టు, బండి చల్లగా ఉన్నప్పుడు మొదలై, వేడెక్కాక సన్నగిల్లేది. ఇంజన్‌లో మండిన పొగ బయటికొచ్చే చోట, ఒక్కో వైపున నాలుగు సిలిండర్ల పొగనూ పోగుచేసి వెనక్కి పంపే ఇనుప పోత ఒకటి ఉంటుంది. అది కుడివైపున పగిలింది. మనవాళ్ళు బండి కింద ఉన్న గొట్టాలన్నిటినీ కలిపి సైలెన్సరే అంటారు గానీ, ఇది సైలెన్సర్ కాదు, దాని తాత. అటువంటి పోత ఎక్కడా దొరకదు. కాబట్టి బయటి కంపెనీలవాళ్ళు విడివిడి గొట్టాలను వంచి, చివర ఒకటిగా అతికి తయారుచేసే హెడర్లు కొనాలి. ఇన్‌స్పెక్షన్ దగ్గర పడుతోందని, పొగ కారే బండి అందులో నెగ్గదని, నెగ్గకపోతే తుక్కు కిందికి పోతుందని బాబాయి చెప్పారు. అలా చెప్పి, హెడర్లు ఎంచే పని నా నెత్తిన పెట్టారు. "నువ్వు ఎవర్నీ నమ్మవు కదరా అబ్బాయ్, నువ్వే చూడు" అన్నారు. అది నింద అనుకోలేదు, బిరుదు అనుకున్నాను.

మొదటి బేరం మా ఆఫీసులోనే తగిలింది. నా పక్క సీటు మిత్రుడు నెల్లూరివాడు, వాళ్ళ తోడల్లుడు అమెరికాలో. అచ్చం ఇదే ఇంజన్ అక్కడి కార్లకూ ఉందని, హెడర్లు కారుచౌక అని, వచ్చేవాళ్ళెవరితోనైనా సూట్‌కేసులో పెట్టించి తెప్పిస్తానని వాడు హామీ ఇచ్చాడు. ఆవకాయ వెళ్ళిన దారినే గొట్టాలు వస్తాయన్నమాట. ఇక్కడ ఒక మాట చెప్పాలి. మనవాళ్ళు సముద్రాలు దాటాక కొరియర్‌నూ పోస్టునూ నమ్మడం మానేసి, ఎవరి సూట్‌కేసులో ఎంత ఖాళీ ఉందనే దానిమీదే ప్రపంచ వ్యాపారం నడిపారు. నేను కూడా మందులు, చీరలు, ఒకసారి రోకలిబండ మోశాను. కానీ వాడు తెచ్చిన కేటలాగులో బొమ్మను గంటసేపు చూశాక నాకు తట్టింది, అమెరికా కారుకు స్టీరింగు ఎడమవైపు. మా పచ్చ కారుకు కుడివైపు. ఇంజన్ ఒకటే అయినా, కుడివైపు గొట్టాలు దిగవలసిన చోట మా స్టీరింగు కడ్డీ అడ్డంగా ఉంటుంది. ఆ మాట చెబితే మిత్రుడు, కాస్త సుత్తితో కొడితే సర్దుకుంటుందన్నాడు. వాడి ప్రోగ్రాములు కూడా అలాగే సర్దుకునేవి.

రెండో బేరం వర్క్‌షాపులో. బాబాయి బండిని ఎప్పుడూ చూసే చైనీయుడొకాయన ఉండేవాడు. ఆయన్ని బాబాయి ఇక్కడి పద్ధతిలో టౌకే అని పిలిచేవారు, అంటే యజమాని. టౌకే లోపలి నుంచి నూనెగుడ్డలో చుట్టిన జత ఒకటి తెచ్చి, ఇదే మోడలుదని, ఒకసారే వాడారని, ప్రత్యేకంగా మీకోసమే దాచానని చెప్పాడు. నాకోసం ఎవరైనా ఏదైనా దాచారంటే నాకు వెన్నులో చలి పుడుతుంది. పైగా అది నేలబారుగా వేలాడే పొడుగు గొట్టాల జత. మా కార్ పార్కులోని ఎత్తుపల్లాల మీద ఆ బండి పొట్ట అప్పటికే నేలను ముద్దాడుతూ పోయేది. అయినా బాబాయి ముఖం చూడలేక, ఒక రాత్రి ఇంటికి తీసుకెళ్ళి చూస్తానన్నాను. టౌకే నా వంక చిత్రంగా చూసి ఇచ్చాడు.

ఇంటికి తెచ్చి, పిన్ని అన్నం గిన్నెలు తీసిన మరుక్షణం, అద్దం పరిచిన భోజనాల బల్ల మీద బోర్లించాను. గొట్టాలన్నీ ఒక మందపు ఇనుప పలకకు అతికి ఉంటాయి, ఆ పలకే ఇంజన్‌కు బిగిస్తారు. పలక వంకరపోతే ఎంత బిగించినా పొగ కారుతూనే ఉంటుంది, టిక్కుటిక్కు మళ్ళీ మొదలవుతుంది. జేబులోంచి నా విజిటింగ్ కార్డు తీసి పలక కింద దూర్చి చూశాను. మూడు చోట్ల ఆగింది, నాలుగో చోట బల్ల అవతలి అంచు దాకా నడిచి వెళ్ళిపోయింది. అనుమానం నిజమైనప్పటి ఆనందం అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. పిన్ని మాత్రం అన్నం తినే బల్ల మీద ఆ మసి గొట్టాలేమిటని, ఎవరైనా చూస్తే ఏమనుకుంటారని రెండు రోజులు దులిపింది.

మర్నాడు తిరిగి ఇస్తూ కార్డు దూర్చి చూపిస్తే, టౌకే ముఖంలో ఒక్క గీత కదలలేదు. తనకూ తెలియదన్నాడు. తెలుసో తెలియదో ఈనాటికీ నాకు తెలియదు. బాబాయి వైపు తిరిగి, "యువర్ నెఫ్యూ ఆ, లైక్ కస్టమ్స్ ఆఫీసర్ లా" అన్నాడు. బాబాయి పగలబడి నవ్వారు. నాకు నవ్వు రాలేదు, అందులో పొగడ్త ఎంతో వెటకారం ఎంతో లెక్క తేలలేదు.

చివరికి ఆస్ట్రేలియాలోనే, ఆ మోడలు కోసమే, కుడి స్టీరింగుకు సరిపడేలా హెడర్లు చేసే చిన్న దుకాణం ఒకటి ఉందని తెలిసింది. పొట్టి గొట్టాలు, నేలకు తగలవు. గొట్టం లావు కూడా మితంగా ఉంది. మరీ లావైతే పందేల్లో పరుగెత్తడానికి పనికొస్తుంది గానీ, సిగ్నలు సిగ్నలుకూ ఆగే ఈ ఊళ్ళో బండికి మొదటి ఊపు తగ్గిపోతుంది. నేను రాసిన ప్రశ్నలకు ఆ దుకాణంవాడు ఓపికగా జవాబులు రాశాడు. అంత ఓపిక ఎందుకా అని అదొక అనుమానం. వాడు అడిగింది ఒక్కటే. ఆ కారుకు రెండు రకాల స్టీరింగులు వచ్చాయట, కడ్డీకీ ఇంజన్‌కూ మధ్య ఖాళీ ఎంతో కొలిచి చెబితే, దానికి తగ్గ జత పంపుతానన్నాడు. మామూలు ఇనుము కావాలా, తుప్పు పట్టని స్టీలు కావాలా అని కూడా అడిగాడు. మిగిలి ఉన్న కొద్దిపాటి ఆయుష్షుకు మామూలు ఇనుమే ఎక్కువని నేనన్నాను. బాబాయి ఎన్నడూ లేనిది గట్టిగా, స్టీలే కావాలన్నారు. ఎందుకని అడిగితే కిటికీలోంచి బయటకు చూస్తూ, వానొచ్చేట్టుంది అన్నారు.

ఖాళీ కొలిచింది ఆయనే. బానెట్ ఎత్తి, స్కేలు పెట్టి, మూడు వేళ్ళకు కాస్త తక్కువ అని చెప్పారు. ఓడల యార్డులో రేకు మందం చూపుతోనే చెప్పేవారని పేరున్న మనిషి, ఆయన మాట నేను రాసుకున్నాను. అక్కడే నిలబడ్డ టౌకే మాత్రం తల అడ్డంగా ఊపి, రెండు వేళ్ళే అన్నాడు. చూశారా, పాత జత అమ్ముడుపోలేదని కొత్త జతను చెడగొట్టాలని చూస్తున్నాడు, అనుకున్నాను. ఆ కోపంలోనే ఆఫీసుకు వెళ్ళి బాబాయి కొలతతో ఆర్డరు రాశాను. పంపబోతూ ఆగాను. ఇతరుల కొలత మీద దేన్నీ పంపకపోవడమే కదా నా ఉద్యోగం. సాయంత్రం నేనొక్కడినే కార్ పార్కుకు వెళ్ళి, స్కేలు పెట్టి చూశాను.

రెండు వేళ్ళే.

మళ్ళీ కొలిచాను, అంతే. ఆ సాయంత్రం నుంచి నా అనుమానం టౌకేను వదిలేసి ఇంటికి వచ్చి, మాతోపాటు బల్ల ముందు కూర్చుంది. బాబాయి అన్నం కలుపుకుంటుంటే చూశాను. మజ్జిగ గ్లాసు కోసం చెయ్యి పక్కకు వెళ్ళి, బల్లను తడుముకుని, అప్పుడు గ్లాసును పట్టుకుంది. బస్టాపులో ఎప్పుడూ ముందే నంబరు చెప్పే మనిషి, ఆ మధ్య నేను చెప్పేదాకా కదలడం లేదు. చీకటి పడ్డాక కారు తీయడం మానేశారు. పెట్రోలు దండగ అనేవారు. ఆ కారు విషయంలో పెట్రోలు దండగ అన్న మాట ఆయన నోట రావడమే నేను అప్పుడే పట్టుకోవలసిన ఆధారం. మర్నాడు ఇన్‌స్పెక్షన్ వాళ్ళకు ఫోను చేసి, హెడర్లు మారిస్తే అభ్యంతరమా అని అడుగుతూ, మా బండి తేదీ ఎప్పుడని కూడా అడిగాను. ఆ బండి పేరున తేదీ ఏదీ తీసుకోలేదని చెప్పారు. దగ్గర పడుతోందన్న ఇన్‌స్పెక్షన్ అసలు లేనే లేదు. ఎవర్నీ మోసం చేయడం చేతకాని మనిషి నా దగ్గర ఏదో దాస్తున్నాడు. టౌకే మోసం చేశాడనుకున్నప్పుడు వచ్చిన కోపం ఇప్పుడు రాలేదు. భయం వేసింది.

ఆ ఆదివారం బండి తుడుద్దామని ఇద్దరం కిందికి దిగాం. ఆయన తలుపు తీసి డ్రైవరు సీట్లో కూర్చున్నారు, నేను పక్కన. ఇన్‌స్పెక్షన్ తేదీ ఎప్పుడు బాబాయ్ అన్నాను. ఆయన స్టీరింగు మీద గుడ్డ తిప్పుతూనే ఉన్నారు. కొలత రెండు వేళ్ళే బాబాయ్ అన్నాను. అప్పుడు గుడ్డ ఆగింది.

"కుడి కన్ను మధ్యలో మచ్చ పడిందిరా" అన్నారు. "చుట్టూ కనపడుద్ది, సూటిగా చూసిందే కనపడదు. నీ వంక చూస్తే నీ చెవులు కనపడతాయి, ముఖం ఉండదు. రెండోదాన్లో కూడా సగం కమ్మేసిందన్నాడు డాక్టరు. మీ పిన్నితో అనబోకు, బెంగెట్టుకుంటది."

కారు అప్పటికే అమ్మేశారట. ఆస్ట్రేలియాలో పాత కార్లు పోగుచేసే ఒక పెద్దాయన కొనుక్కున్నాడు, బండి ఓడెక్కి తిరిగి అక్కడికే పోతుంది. ఇవన్నీ ఆయన గుడ్డను మడతపెడుతూ, మడత విప్పుతూ చెప్పారు. నా నోట మాట నా స్వభావం కొద్దీ వచ్చింది. అక్కడ తయారయ్యే గొట్టాలను ఇక్కడికి తెప్పించి, బిగించి, తిరిగి అక్కడికే పంపడమేమిటి, కొన్నవాడే అక్కడ వేయించుకుంటాడు కదా, అందులో అర్థమేముంది అన్నాను.

ఆయన నా చెవుల వంక చూస్తూ అన్నారు. "పుట్టింటికి పంపేప్పుడు, చీర వాళ్ళే పెట్టుకుంటార్లే అని చిరుగుచీరతో పంపుతామంట్రా? పిల్ల ముఖం చూసేగా అత్తారింటి సంగతి చెప్పుకునేది." గుడ్డను మళ్ళీ స్టీరింగు మీద పెట్టి, "కన్ను పోతే పోయింది, చెవుందిగా. ఆ టిక్కుటిక్కు లేకుండా దాని అసలు గొంతు ఒక్కసారి వినాలిరా" అన్నారు.

ఆ క్షణాన నాకు ఏడుపొచ్చింది. దాచుకోవలసిన అవసరం కూడా లేకపోయింది, ఆయనకు నా ముఖం కనపడదు. అది తలుచుకుంటే మరీ ఏడుపొచ్చింది.

స్టీలు జత ఆర్డరు చేశాను, రెండు వేళ్ళ కొలతతో. ఓ పెద్ద అట్టపెట్టెలో వచ్చింది. హాల్లో పాత పేపర్లు పరిచి విప్పితే, వెండి సామాను దుకాణం ఇంటికొచ్చినట్టు మెరిసిపోయాయి. అద్దం బల్ల మీద మళ్ళీ కార్డు పరీక్ష చేశాను. ఈసారి ఎక్కడా దూరలేదు. అయినా నాకు తృప్తి లేదు, వర్క్‌షాపులో టౌకే వీటిని దాచేసి వేరేవి బిగిస్తే ఎలా గుర్తుపట్టాలా అని ఆలోచిస్తున్నాను. ఇంతలో పిన్ని గిన్నెలో పసుపు తడిపి, కుంకుమ పట్టుకుని వచ్చింది. కొత్త బండికీ, కొత్త మిషనుకీ, చివరికి నా ఆఫీసు కంప్యూటరుకు కూడా బొట్టు పెట్టి పంపాలనుకునే మనిషి. నూనె చుక్క వేసి కలిపిన ముద్దతో ఒక్కో గొట్టానికీ బొట్టు పెడుతూ వచ్చింది. బాబాయి లోపల స్నానం చేస్తున్నారు. నీళ్ళ చప్పుడు వినబడుతున్నంతసేపు ఆగి, తల ఎత్తకుండా నాతో మాట్లాడింది.

"ఆయనకి చూపు ఆనట్లేదని నీకు చెప్పారా?"

నేను కార్డు తీసి మళ్ళీ పలక కింద దూర్చాను.

"చెప్పే ఉంటార్లే. నాకు ఉగాదప్పుడే తెలుసు. కూరలో పచ్చిమిరపకాయ ఏరి పక్కన పెట్టే మనిషి, నమిలేసి కళ్ళనీళ్ళు పెట్టుకుంటన్నారు. ఇప్పుడు మిరపకాయలు నేనే తీసేసి వడ్డిస్తన్నా. నాకు తెలుసని చెప్పబోకురా. దాచుకున్నంతకాలం దాచుకోనీ, అదొక ధైర్యం ఆయనకి."

అప్పుడే నీళ్ళ చప్పుడు ఆగింది. ఆవిడ వేలు తడబడి, కుడివైపు జతలో రెండో గొట్టం వంపు దగ్గర బొట్టు కిందికి జారి తోకలా సాగింది. తుడవబోయి, అలాగే వదిలేసింది. వృత్తిరీత్యా అనుమానపరుణ్ణి నేను. ఒకే కప్పు కింద ఇద్దరు ముసలివాళ్ళు ఒకరికొకరు తెలియకుండా ఒకే సంగతిని దాచుకుంటుంటే, నేను మాత్రం ఇనుప పలక కింద కార్డులు దూర్చుకుంటూ కూర్చున్నాను.

వర్క్‌షాపులో టౌకే ఆ బొట్లు చూసి, గుడ్డా స్పిరిటూ తెమ్మని కేకేశాడు. కొత్త స్టీలు మీద నూనె చెయ్యి పడితే మొదటి వేడికే ఆ మచ్చ కాలి అతుక్కుపోతుందని, ఇక జన్మలో వదలదని చెప్పాడు. చేతికి గ్లౌజు లేకుండా ముట్టుకోకూడని వస్తువుకు మేము పసుపూ కుంకుమా నూనే కలిపి పూసి తెచ్చాం. అటువంటి పని ఈ ఊళ్ళో మనవాళ్ళు తప్ప ఎవరూ చేసి ఉండరు. బాబాయి చెయ్యి అడ్డం పెట్టి, తుడవద్దు, కాలనీ అన్నారు. టౌకే నా వంక చూశాడు. నేనూ తుడవద్దన్నాను. బిగించేదాకా ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నాను, కస్టమ్స్ ఆఫీసరు లాగానే.

మొదటిసారి ఇంజన్ తిప్పగానే బానెట్ కింద నుంచి పొగ లేచింది. ఎక్కడో కారుతోందనుకున్నాను. ఆ తరువాత వాసన వచ్చింది, పోపులో పసుపు మాడిన వాసన. వర్క్‌షాపు కుర్రాళ్ళు ముక్కులు మూసుకున్నారు. బాబాయి మాత్రం గాలి నిండా పీల్చి, మీ పిన్ని వంట చేస్తోందిరా అన్నారు. పొగ తగ్గాక చెవి ఒగ్గి విన్నాం. టిక్కుటిక్కు లేదు.

ఊరికి ఉత్తరాన క్రాంజీ వైపు ఆదివారం పొద్దున రోడ్లు ఖాళీగా ఉండేవి. రెండు పక్కలా తోటలు, అప్పుడొకటీ ఇప్పుడొకటీ బస్సు. బాబాయి తాళాలు నా చేతికిచ్చి పక్క సీట్లో కూర్చున్నారు. అద్దాలు దించి కళ్ళు మూసుకున్నారు. గేరు మార్చినప్పుడల్లా నా తప్పులు మాత్రం చెప్పారు, ఇప్పుడు కాదు, దాన్ని అడగనీ, అదే అడుగుద్ది అని. నిజమే, ఒక స్థాయికి వచ్చేసరికి ఆ ఇంజన్ గొంతు మారేది, దిగువ నుంచి నిండుగా, పగుళ్ళు లేకుండా లేచేది. దారంతా ఆయనకు కంఠతా, యుద్ధంలో పోయినవారి సమాధుల దగ్గరకు రాగానే నెమ్మది చేయమన్నారు, అక్కడ నిద్రపోతున్నవాళ్ళున్నారు అన్నారు. అది దాటాక మళ్ళీ తొక్కమన్నారు. తిరిగి వచ్చేదాకా ఆయన కళ్ళు తెరవలేదు, ముఖం మీద చిరునవ్వు పోలేదు. ఫ్లాటు మలుపు తిరగగానే పైన మా వంటింటి కిటికీలో పిన్ని కదలడం కనిపించింది. పెనం పెట్టి ఉంటుంది.

ఆ తరువాత వారానికి బండి ఓడెక్కింది. కంప్యూటర్ల ప్రళయం కూడా వచ్చినట్టే వచ్చి ఏమీ చేయకుండా వెళ్ళిపోయింది. కొన్నాళ్ళకు ఆస్ట్రేలియా నుంచి ఒక ఫోటో వచ్చింది, కొన్న పెద్దాయన పంపాడు. బానెట్ ఎత్తి ఉన్న పచ్చ కారు, దాని పక్కన టోపీ పెట్టుకుని ఆయన. అప్పటికి బాబాయికి రెండో కన్ను కూడా పూర్తిగా మసకబారింది, ఇంట్లో దాపరికాలన్నీ ముగిశాయి. ఫోటో చేత్తో పట్టుకుని, బొట్లు ఉన్నాయా అని అడిగారు. ఉన్నాయి బాబాయ్ అన్నాను. నిజంగానే ఉన్నాయి, కాలి గోధుమరంగుకు తిరిగి, వరుసగా. పిన్ని కూడా ఉన్నాయంది. ఆయన నమ్మలేదు. జీవితమంతా ఎవరేం చెప్పినా నమ్మిన మనిషి, మా ఇద్దరి గొంతులనూ మార్చి మార్చి విని, నాకోసం చెబుతున్నారు మీరు అన్నారు.

నమ్మమని ఒకరిని బతిమాలడం నా జీవితంలో అదే మొదలు. అదెంత కష్టమో అప్పుడు తెలిసింది. నేను చెప్పిందే మళ్ళీ చెప్పాను. ఆయన ఫోటోను ఒళ్ళో పెట్టుకుని, అచ్చం నేను ఆఫీసులో అడిగినట్టే అడిగారు.

"ఏ గొట్టం మీది బొట్టు ఎట్టా ఉందో చెప్పు."

కుడివైపు, రెండో గొట్టం, వంపు దగ్గర, కిందికి జారి తోకలా ఉంది అని చెప్పాను. ఆ బొట్టు సంగతి ఆయనకు తెలుసని నేననుకోలేదు. బిగించక ముందు గొట్టాలన్నీ వేళ్ళతో తడిమి చూసుకున్నారట. ఫోటో మీద చేయి పెట్టి, "ఆఁ, అదే. మీ పిన్ని చెయ్యి వణికింది అక్కడే" అన్నారు. పిన్ని లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

బాబాయి వెళ్ళిపోయి చాలా కాలమైంది. పిన్ని ఇప్పుడు మా దగ్గరే ఉంటుంది. ఇప్పుడు ఏ వస్తువు కొనాలన్నా, ఎవరో ముక్కూ మొహం తెలియనివాళ్ళు ఫోనులో ఇచ్చిన చుక్కల మార్కులు చూసి మా అబ్బాయి నమ్మేస్తాడు, రెండో రోజుకు అది గుమ్మం ముందు ఉంటుంది. ఎవర్నీ చూడనక్కర్లేదు, కార్డు దూర్చి చూడనక్కర్లేదు, ఒకరి ముఖంలోకి అనుమానంగా చూడనక్కర్లేదు. అది సుఖమే, కాదనను. కానీ అనుమానించాలంటే మనిషి దగ్గరగా వెళ్ళి చూడాలి. అలా దగ్గరగా వెళ్ళి చూడబట్టే నాకు బాబాయి కన్ను తెలిసింది.

మొన్న ఆ తెల్లకారు తాళం పుచ్చుకుని మా అబ్బాయి పైకొచ్చాడు. పిన్ని తలుపు దగ్గర నిలబడి ఉంది. వాడి చేతిలో తాళం చూసి, "వచ్చావా? చప్పుడే లేదేంట్రా, పెనం కూడా పెట్టలా" అంది.